మూడు బసలు, పన్నెండు స్ట్రాపులు

నాలుగు రోజులు, మూడు రాత్రులు. ట్రైలర్ మీద రెండు బైకులు, కారు కప్పు మీద టెంటు, బట్టల సంచులు. బండిలో నేనూ మా బావా. బైకుకు నాలుగు చొప్పున ఎనిమిది, కప్పు మీద సామానుకు నాలుగు, మొత్తం పన్నెండు రాచెట్ స్ట్రాపులు, అంటే రాచెట్ అనే పళ్లచక్రపు బిగింపుతో సామానును లాగి కట్టే పట్టీలు. ఈ ప్రయాణంలో ఏ బస ఎలా ఉందో చెప్పమంటే నేను మంచం మెత్తదనం కన్నా ముందు ఆ స్ట్రాపుల సంగతే చెప్తాను. పొద్దున్నే బయల్దేరడం సాఫీగా సాగిందా లేదా అన్నది ప్రతిరోజూ వాటి మీదే ఆధారపడింది.

ట్రైలర్ అద్దెకు తీసుకున్నాం. ట్రైలర్ వరకూ వంక పెట్టడానికి లేదు. టైర్లు బాగున్నాయి, వెనక లైట్లన్నీ వెలుగుతున్నాయి, కారుకు తగిలించే కొక్కెం గట్టిగా ఉంది. స్ట్రాపులు మాత్రం ఒక గోనెసంచిలో కుక్కి ఇచ్చారు. సంచి బోర్లిస్తే అన్నీ ఒకే ముద్దగా పడ్డాయి. ఒకదాని కొక్కెం ఇంకోదాని రాచెట్‌లో దూరింది, మూడోది ఆ రెండింటికీ చుట్టుకుంది. చిక్కు తీయడానికే ఇద్దరికీ ముప్పావుగంట పట్టింది. తీరా తీశాక రెండింటికి లేబుల్ లేదు, వాటిలో ఒకదాని అంచు తెగి పోగులు లేచి ఉంది. నీలం లేబుల్ ఉంటే పాలిస్టర్ అని, ఎంత బరువు ఆపుతుందో దాని మీదే రాసి ఉంటుందని తెలుసు కాబట్టి వెతికాను. లేబుల్ లేనిది ఎంత లాగుతుందో ఎవరికీ తెలియదు. ఆ రెండూ పక్కన పెట్టేసి మా సొంతవి రెండు వేసుకున్నాం. చిక్కుపడిన ముద్దలో ఈ తెగిన అంచు కనపడనే కనపడదు. చుట్టలుగా చుట్టి ఇచ్చి ఉంటే ఇచ్చేవాళ్లకే ముందు తెలిసేది.

మధ్యాహ్నానికి వాన పట్టుకుంది. లారీలు ఆగే విశ్రాంతి చోటు ఒకటి కనిపిస్తే ఆపాం. పెద్ద షెడ్డు, సిమెంటు నేల, మంచి వెలుతురు. ఆగడానికి దారి మొత్తం మీద అంతకన్నా మంచి చోటు దొరకలేదు. అక్కడ ఒక లారీ డ్రైవర్ తన స్ట్రాపులు చుట్టుకుంటున్నాడు. బావ పక్కన నిలబడి చూసి, "అన్నా, ఒకసారి నెమ్మదిగా చూపించవా?" అని అడిగాడు. ఆయన విప్పి మళ్లీ చుట్టి చూపించాడు.

ముందు మీట నొక్కి, పిడిని వెనక్కి పూర్తిగా తెరిచి, పొడుగు ముక్కను రాచెట్‌లోంచి లాగేయాలి. రాచెట్ ఉన్న పొట్టి ముక్క వేరు, కొక్కెం ఉన్న పొడుగు ముక్క వేరు. రెండూ కలిపి చుట్టడం వల్లే సగం చిక్కులు వస్తాయి. పొడుగు ముక్కను కొక్కెం చివరా ఉత్త చివరా కలిపి సగానికి మడిచి, ఆ మడత దగ్గర్నుంచి చుట్టుకుంటూ రావాలి. అప్పుడు రెండు చివర్లూ చుట్టకు బయటే ఉంటాయి. వాడేటప్పుడు చివర్లు చేత్తో పట్టుకుని చుట్టను సామాను మీదుగా అవతలికి విసిరితే చక్కగా విప్పుకుంటూ పోతుంది.

ఇందులో ఒక కిటుకు ఉంది. చుట్టలో లోపలి పొర కన్నా బయటి పొరకు పొడవు ఎక్కువ కావాలి. చివర్లు రెండూ సమానంగా పట్టుకుని మొదలుపెడితే ఆఖరికి బయటి పొర పొట్టిదైపోతుంది, చుట్ట వదులవుతుంది. అందుకే బయటికి వచ్చే కొక్కెం వైపు ఒక జానెడు ఎక్కువ వదిలి మడిచాడాయన. చుట్టడం పూర్తయ్యేసరికి రెండు చివర్లూ పక్కపక్కనే వచ్చి ఆగాయి. పాత సైకిల్ ట్యూబు నుంచి కోసిన రబ్బరు ముక్క ఒకటి దానికి తొడిగి పక్కన పెట్టాడు. మాకూ అలాంటివి గుప్పెడు ఇచ్చాడు.

మొదటి రాత్రి ఒక ఇంటివాళ్ల గదిలో దిగాం. గది చిన్నది, బాత్రూమ్ బయట. కానీ ముందు వరండా, దానికి అడ్డంగా దండెం. తడిసిన స్ట్రాపులు ఆరేసుకోవచ్చా అని అడిగితే ఇంటావిడ తన బట్టలు ఒక పక్కకు జరిపింది. పాలిస్టర్ నీళ్లు పెద్దగా పీల్చదు, నీడలో గాలికి రాత్రికి రాత్రే ఆరిపోయింది. పొద్దున్న పన్నెండూ చుట్టి డబ్బాలో నిలువుగా పేర్చాం. చూడగానే లెక్క తెలిసిపోతోంది.

రెండో రాత్రి హోటల్లో. గది చాలా బాగుంది, లిఫ్ట్ ఉంది, పార్కింగ్ నేలమాళిగలో. ఆ రోజూ జల్లు పడింది. ఆరేయడానికి చోటు చూపించమంటే కుదరదన్నారు. తడి మీదే చుట్టి, ప్లాస్టిక్ డబ్బా మూత పెట్టేశాం. పొద్దున్న మూత తీస్తే ముక్కిపోయిన వాసన, రెండు రాచెట్ల మీటలు బిగుసుకుపోయాయి. ఒక్క రాత్రికే ఇలా ఉంటే నెలల తరబడి అలా ఉంచిన వాటికి బూజూ తుప్పూ పట్టడంలో వింతేముంది? మీట ఇరుసు దగ్గర ఒక చుక్క నూనె వేసి, స్ట్రాపుకు అంటకుండా తుడిచేశాక కదిలాయి. నిద్ర కోసమైతే ఆ హోటల్ మంచిదే. తడి సామానుతో మాత్రం వెళ్లను.

దారిలో కప్పు మీది స్ట్రాపులు గాలికి గుయ్‌మని మోగడం మొదలైంది. సామానుకూ కప్పు మీది కడ్డీలకూ మధ్య ఒక్క మెలిక వేస్తే ఆగిపోయింది. తేలికైన సామాను కాబట్టి వేశాం, బైకుల మీదివి మాత్రం మెలిక లేకుండా సాపుగానే ఉంచాం. మెలికను విప్పకుండా చుట్టేస్తే మరుసటి రోజు మళ్లీ చిక్కే. అందుకని చుట్టే ముందు స్ట్రాపును రెండు వేళ్ల మధ్య జారిస్తూ పోయేవాణ్ణి. మెలిక ఉంటే వేళ్లకు తగులుతుంది, తెగిన పోగు ఉన్నా తగులుతుంది.

మూడో రాత్రి సముద్రపు ఒడ్డున టెంటులో. ఇసుక అన్నిట్లోకీ దూరింది. నేతలోకి వెళ్లిన ఇసుక లాగినప్పుడల్లా పోగుల్ని కోస్తుంది, ఉప్పు రాచెట్‌ను తింటుంది. అయితే ఆ క్యాంపులో మంచినీళ్ల కుళాయి, పొడుగు పైపు ఉన్నాయి, పక్కనే మేకులు కొట్టిన చెక్క కంచె ఉంది. ఒక్కోటి విదిలించి, కడిగి, కంచెకు వేలాడదీశాం. చీకటి పడేలోపు అయిపోయింది. టాయిలెట్లు అంత శుభ్రంగా లేవు, రాత్రంతా గాలి హోరు. అయినా నా లెక్కలో హోటల్ కన్నా ఇదే పైన.

ట్రైలర్ తిరిగి ఇచ్చేటప్పుడు పది చుట్టలూ రబ్బర్లతో సహా బల్ల మీద పేర్చి, లేబుల్ లేని రెండూ విడిగా పెట్టి ఎందుకో చెప్పాను. అక్కడి కుర్రాడు అలవాటుగా గోనెసంచి అందుకోబోయాడు. "బాబూ, ఇలాగే అరలో పెట్టేయరాదూ?" అన్నాడు బావ. కుర్రాడు ఒక చుట్టను చేతిలో తిప్పి చూసుకుని, సంచి కింద పడేసి, ఒక్కోటి అరలో పేర్చాడు.

మా రెండూ ఇంట్లో షెడ్డులో, ఎండ తగలని గోడకు, వేరువేరు మేకులకు ఉన్నాయి. వచ్చే ప్రయాణానికి ఆ వరండా ఉన్న ఇల్లు ఖాళీగా ఉందేమో కనుక్కోవాలి.