విమానాల కేటాయింపుకి హైస్ సాల్వర్: ఏళ్ల తరబడి వాడాక

ఋషికొండ ఐటీ హిల్ మీద మాది చిన్న ఆఫీసు. విమాన సంస్థలకి షెడ్యూల్ లెక్కలు చేసిపెడతాం. ఏ ఫ్లైట్‌కి చిన్న ఏటీఆర్ విమానం వెయ్యాలి, దేనికి పెద్ద ఎయిర్‌బస్ వెయ్యాలి అన్నది తేల్చడానికి పైథాన్‌లో హైస్ (HiGHS) అనే సాల్వర్ వాడుతున్నాను. మనం రాసిచ్చిన షరతులన్నిటికీ లోబడి, ఖర్చు అతి తక్కువయ్యే ప్లాన్ వెతికిపెట్టే ప్రోగ్రామే సాల్వర్. ఎడిన్‌బరో యూనివర్సిటీలో పుట్టిన ఈ సాల్వర్ పూర్తిగా ఉచితం. 2022 నుంచి పైథాన్ లెక్కల లైబ్రరీ సైపైలో పూర్ణాంకాల లెక్కలు చేసేదీ ఇదే.

దీనికి నేను పూర్తి మార్కులు వేసేది రాత్రి లెక్క దగ్గర. ఇవాళ రాత్రి విశాఖలో ఆగే ఏటీఆర్‌లు ఎన్నో, రేపు పొద్దున ఇక్కణ్ణుంచి లేవాల్సినవీ అన్నే ఉండాలి. శుక్రవారం సాయంత్రం హైదరాబాద్ నుంచి వచ్చే ఫ్లైట్‌కి గిరాకీ ఉందని ఏటీఆర్ తీసి 180 సీట్ల ఎయిర్‌బస్ ఎ320 పెట్టామనుకోండి. శనివారం పొద్దున విజయవాడ వెళ్లాల్సిన ఏటీఆర్ హైదరాబాద్‌లోనే ఉండిపోతుంది. చేత్తో ప్లాన్ వేసేటప్పుడు తరచూ ఇక్కడే దెబ్బతింటాం. ప్రతి ఊళ్లో వచ్చినవీ పోయినవీ సరిపోవాలని షరతు రాసిపెడితే, సాల్వర్ ఆ గొలుసంతా ఒకేసారి చూస్తుంది. పైగా ఇన్నేళ్లూ మన పౌర విమానాలు నేవీ వారి ఐఎన్ఎస్ డేగా రన్‌వే మీదే నడిచాయి. టైములు ఇష్టమొచ్చినట్టు జరపడం కుదిరేది కాదు, ఉన్న టైముల్లోనే విమానాలు మార్చుకోవాలి.

చిరాకు తెప్పించేది ఒకటుంది. ఒక్క అంకె తప్పినా 'ఇన్‌ఫీజిబుల్' (షరతులన్నిటికీ కుదిరే ప్లానే లేదు) అని ఊరుకుంటుంది. ఒకసారి మాకొచ్చిన డేటాలో ఒకే ఒక్క ఫ్లైట్ బయల్దేరే టైము యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంది. మధ్యాహ్నం 2:00కి లేవాల్సింది పొద్దున 8:30కి లేస్తున్నట్టు పడింది. ఆ వేళకి అక్కడ విమానమే లేదు! పట్టుకునేసరికి సాయంత్రమైంది. అప్పట్నుంచి ప్రతి ఫ్లైట్‌కీ 'విమానం దొరకలేదు' అనే వేరియబుల్ ఒకటి చేర్చి, దానికి ఖర్చు లెక్కలో భారీ జరిమానా పెడుతున్నాను. తప్పు ఏ ఫ్లైట్ దగ్గరుందో నంబరుతో సహా బయటపడుతుంది.

మామూలుగా అయితే సాల్వర్, తనకి దొరికిన ప్లాన్ ఖర్చుకీ, అంతకంటే తగ్గదని తేల్చుకున్న ఖర్చుకీ మధ్య తేడా 0.01 శాతానికి దిగేదాకా వెతుకుతూనే ఉంటుంది. 0.5 శాతం దగ్గర ఆపెయ్యండి. గిరాకీ అంచనాయే అంత కచ్చితంగా ఉండదు కదా.

ఇంకో సంగతి. ఒక ఫ్లైట్ పది నిమిషాలు జరిగితే చాలు, ప్లాన్ మొత్తం తిరగేసి ఇస్తుంది. ఖర్చులో పెద్దగా తేడా ఉండదు, కానీ ఏటీఆర్ పైలట్‌ని ఎయిర్‌బస్‌లో కూర్చోబెట్టలేం, డ్యూటీలన్నీ మళ్లీ వెయ్యాలి. పాత ప్లాన్‌లోంచి మార్చిన ప్రతి కేటాయింపుకీ చిన్న జరిమానా పెట్టాక ఆ టెన్షన్ తగ్గింది.

రోజుకి వంద, రెండొందల ఫ్లైట్లయితే ల్యాప్‌టాప్ మీదే హాయిగా నడుస్తుంది. వేలల్లోకి వెళ్లి, మెయింటెనెన్స్ కూడా కలిపితే మాత్రం గురోబీ లాంటి సాల్వర్లు డబ్బు పెట్టి కొనుక్కోవడమే మంచిది.