‘ది మార్వెల్స్’: గంటా నలభై ఐదు నిమిషాల సరదా

ఈ హాలీవుడ్ సూపర్‌హీరో సినిమా చూడని వాళ్లు చాలామంది ఉన్నారు, అందుకే రాస్తున్నా. 2023 నవంబరులో థియేటర్లకి వచ్చింది, మార్వెల్ స్టూడియోస్ సినిమాల్లో అన్నిటికంటే తక్కువ వసూళ్లు దీనివే అన్న మాట ఒకటే అందరి చెవుల్లో పడింది, దాంతో ఓటీటీలోకి వచ్చాక కూడా దాటేసి పోయారు. నాకైతే చాలా నచ్చింది, మొదటి నుంచి చివరిదాకా నవ్వుతూనే చూశాను.

కథ సింపులే. ముగ్గురు ఆడవాళ్లు, ముగ్గురి శక్తీ కాంతికి సంబంధించిందే. కెప్టెన్ మార్వెల్ అనే కేరల్ డాన్వర్స్ కాంతిని పీల్చుకుంటుంది, మోనికా రాంబో మామూలు కంటికి ఆనని కాంతిని కూడా చూడగలదు, జెర్సీ సిటీలో ఉండే కమలా ఖాన్ అనే అమ్మాయి కాంతిని గట్టి వస్తువుగా మార్చేస్తుంది. అంతరిక్షంలో జరిగిన ఒక గొడవ వల్ల ఈ ముగ్గురి శక్తులూ చిక్కుపడిపోతాయి, ఒకేసారి వాడితే చాలు ఒకరి చోట ఇంకొకరు ప్రత్యక్షమవుతారు. అంటే ఎక్కడో వేరే గ్రహం మీద కొట్లాడుతున్న కేరల్ ఉన్నట్టుండి ఖాన్ వాళ్లింట్లో తేలుతుంది, ఇంట్లో ఉన్న పిల్ల వెళ్లి ఆకాశంలో పడుతుంది, శత్రువులు కూడా వెనకాలే ఆ ఇంట్లోకి వచ్చిపడతారు. హాలు, మెట్లు, పైకప్పు ఏదీ మిగలదు. ఆ ఫైట్ ఎంత బాగా తీశారంటే, ఎవరు ఎక్కడున్నారో ఒక్క క్షణం కూడా అయోమయం లేకుండా, అదే సమయంలో నవ్వు ఆగకుండా నడిచింది. ఇది ఎడిటింగ్ చేసినవాళ్లు బుర్ర పెట్టి చేసిన పని, నేను వెనక్కి తిప్పి మళ్లీ చూశాను.

నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం, ఈ మార్పిడి గొడవని కామెడీకి వాడుకుని వదిలెయ్యకపోవడం. ముగ్గురూ ఓడలో కూర్చుని దాన్ని ప్రాక్టీసు చేస్తారు, తాడాట ఆడుతూ, బంతులు ఎగరేస్తూ, ఎవరు ఎప్పుడు మారాలో లెక్క కుదుర్చుకుంటారు. కేరల్‌కి ఒంటరిగా తిరగడం అలవాటు, చిన్నప్పుడు తిరిగొస్తానని మాటిచ్చి రాలేదని మోనికాకి ఆమె మీద మనసులో కోపం ఉంది, కమలా ఏమో కేరల్ అంటే ప్రాణం పెట్టే వీరాభిమాని, ఆమెని హీరోయిన్‌గా పెట్టి బొమ్మలు గీసుకునే పిల్ల. ఇలాంటి ముగ్గురు ఒకరినొకరు తప్పించుకోలేని పరిస్థితి వస్తే ఏమవుతుందన్నదే సినిమా. టీమ్ అనేది ఇలా కళ్లముందు తయారవ్వాలి, పోస్టర్ మీద వరసగా నిలబెడితే అవ్వదు.

కమలాగా చేసిన ఇమాన్ వెలానీకి ఇది మొదటి పెద్ద సినిమా. తను తెర మీద ఉన్నంతసేపూ వేరేవాళ్ల మీదకి చూపు పోదు. ఇంక ఆ ఇంటివాళ్లు! పాకిస్తాన్ నుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడ్డ కుటుంబం, అమ్మగా జెనోబియా ష్రాఫ్, నాన్నగా మన దేశం టీవీలో పేరున్న మోహన్ కపూర్, అన్నగా సాగర్ షేక్. కూతురు లోకాన్ని కాపాడటానికి వెళ్తోందన్న గర్వం, అమ్మో పిల్లకి ఏమవుతుందో అన్న భయం, రెండూ ఒకే ముఖంలో కనిపిస్తాయి. అమ్మీ, అబ్బూ అన్న పిలుపులు వింటుంటే హైదరాబాద్‌లో పెరిగిన వాళ్లకి ఆ ఇల్లు పరాయిదనిపించదు.

మధ్యలో అలాడ్నా అని ఒక గ్రహం వస్తుంది, అక్కడ జనం మాట్లాడుకునేదే పాటల్లో. మన పద్యనాటకాల్లో పాత్రలు రాగం తీసి వాదించుకుంటాయి చూడండి, అలా అన్నమాట, కాకపోతే రంగురంగుల బట్టలు, డాన్సులు. అక్కడి యువరాజుగా ‘ఇటేవాన్ క్లాస్’ అనే కొరియా సీరియల్ హీరో పార్క్ సొ-జూన్ చేశాడు, ఉన్నది కాసేపే, కె-డ్రామా అభిమానులు ఆ విషయం ముందే తెలుసుకుని చూడండి. తర్వాత పిల్లుల సీన్ ఒకటి ఉంది, అంతరిక్ష కేంద్రం ఖాళీ చేయించడానికి వాటిని వాడే విధానం గురించి ఇంతకుమించి చెప్పను, కడుపు నొప్పి పుట్టేలా నవ్వాను. ఆ కేంద్రాన్ని నడిపే నిక్ ఫ్యూరీగా శామ్యూల్ జాక్సన్ కూడా ఇందులో చాలా హాయిగా, హుషారుగా ఉన్నాడు.

లోటు లేదని అనను. విలన్ డార్-బెన్‌కి కారణం గట్టిదే, తన గ్రహంలో గాలి, నీళ్లు, ఎండ అన్నీ పోతుంటే వేరే గ్రహాల నుంచి దొంగిలిస్తోంది, అలా అవ్వడంలో కేరల్ చేసిన పనికి కూడా భాగం ఉంది. అంత మంచి పాయింటు పెట్టుకుని ఆమెకి సరైన సీన్లు రాయలేదు, జావీ ఆష్టన్ లాంటి నటి చేతిలో కర్ర పట్టుకుని కోపంగా చూడటంతోనే సరిపోయింది. ఆఖరి భాగం కూడా హడావుడిగా ముగించేశారు, ఇంకో పది నిమిషాలు ఉన్నా నాకు ఇబ్బంది లేదు. దర్శకురాలు నియా డకోస్టా సరదా సీన్ల దగ్గర చూపించిన తీరిక అక్కడ కూడా చూపించి ఉండాల్సింది.

ఇంతకుముందు సినిమాలు, సిరీస్‌లు చూడకపోతే అర్థం కాదేమో అని అడిగేవాళ్లకి, 2019 ‘కెప్టెన్ మార్వెల్’ ఒక్కటి చూస్తే చాలు, తీరిక ఉంటే 2022లో వచ్చిన ‘మిస్ మార్వెల్’ సిరీస్ కూడా చూడండి, ఖాన్ కుటుంబం ఇంకా దగ్గరవుతుంది. మోనికాకి శక్తులు ‘వాండావిజన్’ అనే సిరీస్‌లో వచ్చాయి, అది తెలిస్తే సరిపోతుంది. పిల్లలతో కలిసి కూర్చుని చూడొచ్చు, పేర్లు పడటం మొదలవ్వగానే లేచిపోకండి, మధ్యలో ఒక సీన్ ఉంది.