ఎడారి పెరటి పిట్టలకు గింజలా, పంచదార నీళ్ళా, మంచినీళ్ళా?

అరిజోనాలోని చాండ్లర్‌లో ఉన్న మా అమ్మాయి ఇంటికి మార్చిలో వెళ్ళి ఆగస్టు దాకా ఉన్నాము. అమ్మాయి, అల్లుడు ఆఫీసులకు, మనవడు బడికి వెళ్ళిపోయాక, కారు నడపడం రాని మా దంపతులకు వెనుక పెరడే లోకం. పచ్చికకు బదులు కంకర పరిచి, ఒక మూల పాలో వెర్డే చెట్టు మాత్రం ఉన్న ఆ పెరట్లోకి పిట్టలను రప్పించడానికి మూడు పద్ధతులూ ప్రయత్నించాము.

వాకిట్లో వరికంకుల కుచ్చు కట్టిన అలవాటు కొద్దీ ముందు గింజలే పెట్టాము. ఫలితం వెంటనే కనిపించింది. నుదుటి మీది నల్లని తురాయి ముందుకు వంగి ఊగుతుండగా గ్యాంబెల్ కౌజులు గోడ దిగి వచ్చేవి. మే నెలలో నిమ్మకాయంత పిల్లలు వాటి వెనుక బారుగా నడిచేవి. అయితే కౌజులకన్నా ముందే పావురాలు, ఇంటి పిచ్చుకలు గింజలను ఖాళీ చేసేవి. (ఆ పిచ్చుక మన ఊరపిచ్చుకే, 19వ శతాబ్దంలో ఐరోపా నుంచి తెచ్చి అమెరికాలో వదిలారు. మన పట్నాల్లో కరువైన పిట్టను అక్కడ తరమవలసి రావడం విచిత్రమే.) రాలిన గింజలకు రాత్రిళ్ళు ఎలుకలు మరిగాయి. పక్షులకు మేత వేయడం అక్కడ నేరం కాకపోయినా, కాలనీ సంఘం నుంచి హెచ్చరిక ఉత్తరం వచ్చింది.

అందానికైతే, హమ్మింగ్‌బర్డ్ అనే చిట్టి పిట్టల కోసం సీసాలో పోసి వేలాడదీసే పంచదార నీళ్ళదే పైచేయి. నాలుగు కప్పుల నీళ్ళలో ఒక కప్పు తెల్ల పంచదార కరిగిస్తే చాలు. ఎర్ర రంగు అక్కర్లేదు, తేనె పోయకూడదు. మన తేనెపిట్ట సాధారణంగా కొమ్మ మీద వాలి తాగుతుంది. హమ్మింగ్‌బర్డ్ గాలిలో నిలబడే తాగుతుంది. ఆనాస్ హమ్మింగ్‌బర్డ్ మగపిట్ట గొంతు నల్లగా కనిపిస్తూనే, తల కాస్త తిప్పేసరికి నిప్పు కణికలా గులాబీ రంగులో వెలుగుతుంది. అదే పిట్ట పాలో వెర్డే కొమ్మ మీద కాపలా కాసి మిగతావాటిని తరిమేసేది. దాన్ని లెక్కచేయని గీలా వడ్రంగిపిట్ట ఒక్కటే సీసాకు వేలాడి తాగిపోయేది. వేసవిలో ఈ నీళ్ళు ఒకటి రెండు రోజుల్లోనే పులుస్తాయి కనుక, ప్రతిసారీ సీసా కడిగి నింపాలి. మనం వెళ్ళిపోయాక ఆ సీసా గతేమిటన్నది ముందే ఆలోచించుకోవాలి: పిట్టలు వేరే పూలు వెతుక్కుంటాయి గాని, బూజు పట్టిన సీసా వాటికి జబ్బు తెస్తుంది.

నా ఓటు మంచినీళ్ళకే. 2023లో, చాండ్లర్‌కు దగ్గరలోని ఫీనిక్స్ నగరంలో 31 రోజులు వరుసగా 43 డిగ్రీలు దాటిన ఎండ కాసింది. అలాంటి చోట రెండు వేళ్ళ లోతు నీళ్ళున్న మట్టిమూకుడు, మధ్యలో నిలబడడానికి ఒక రాయి, ఏ గింజా రప్పించలేనన్ని రకాల పిట్టలను రప్పిస్తుంది. వంకర ముక్కు థ్రాషర్ ఒక్కో గుక్కకూ తల పైకెత్తి మింగేది. తెల్లరెక్కల గువ్వ మాత్రం ముక్కు ముంచి, ఎత్తకుండానే పీల్చేసేది. మూకుడును నీడలోనే ఉంచాలి, లేకపోతే మధ్యాహ్నానికి నీళ్ళు కాగిపోతాయి. రోజూ పారబోసి మార్చితే దోమల బెడద ఉండదు. పిల్లులు పొంచి ఉండే పొదలకు మాత్రం దూరంగా పెట్టాలి.

1931 నుంచి అరిజోనా రాష్ట్రపక్షిగా ఉన్న క్యాక్టస్ రెన్‌కు ఈ మూడింటితోనూ పని పడలేదు. దానికి కావలసిన నీరు చాలావరకు తినే పురుగులలోనే దొరుకుతుంది. సాయంత్రం అల్లుడి కారు ఆగగానే దాని ముందువైపు జాలీకి అంటుకుని చచ్చిన పురుగులను ఏరుకు తినేది.

తిరుగు ప్రయాణానికి ముందు గింజల డబ్బాను, సీసాను కడిగి గ్యారేజీలో పెట్టాము. మూకుడు పెరట్లోనే ఉంది. బడికి వెళ్ళేముందు మనవడు నీళ్ళు మారుస్తున్నాడు.