విద్యార్థులు కూర్చునే మా ఫ్యామిలీ డాక్టరు గారి క్లినిక్

తిరుపతి బైరాగిపట్టెడలో మేము ఏళ్లుగా చూపించుకుంటున్న క్లినిక్‌లో ఈ మధ్య ఎంబీబీఎస్ విద్యార్థులు కూడా కూర్చుంటున్నారు. మొన్న షుగరు పరీక్షకు అమ్మను తీసుకువెళ్లినప్పుడు, ముందుగా మా అనుమతి అడిగి, ఒక విద్యార్థిని వివరాలు రాసుకుని, బీపీ చూసి, పాదాలలో స్పర్శ ఉందో లేదో పరీక్షించింది. డాక్టరు గారు మధ్యలో కల్పించుకోకుండా అంతా గమనించి, చివర "మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగావు గానీ, అన్నానికి ముందా తర్వాతా అని అడగలేదమ్మా" అని సరిదిద్ది, ఆమె చేసిన పనులు నమోదు చేసే లాగ్‌బుక్‌లో సంతకం చేశారు. ఆ అమ్మాయి మాట్లాడిన తీరు ఎలా ఉందని డాక్టరు గారు అమ్మనే అడగడం నాకు అన్నిటికంటే నచ్చింది.

ఎంబీబీఎస్‌లో 2019లో మొదలైన సామర్థ్య ఆధారిత వైద్యవిద్య, అంటే విద్యార్థి ఏం చదివాడన్నదే కాక ఏం చేయగలడో చూసే పద్ధతి, కోరేది ఇటువంటి ప్రత్యక్ష పరిశీలననే. పెద్దాసుపత్రి వార్డులో పడక మీది రోగిని చూసే విద్యార్థికి, జబ్బుతోనే ఇంటిపనులన్నీ నెట్టుకొచ్చే మనిషి ఇక్కడ కనిపిస్తుంది.

లోపమల్లా సమయమే. పది నిమిషాల పని అరగంట పట్టింది. బయట ఉన్నవి నాలుగు కుర్చీలే. విద్యార్థులు వచ్చే రోజులేవో తలుపు దగ్గర బోర్డు పెడితే, తొందర ఉన్నవారు మరో రోజు వస్తారు.