నెలకో మాట, నెలకో పాత పుస్తకం: రెండేళ్లు చదివాక

నెలకో క్లాసిక్ చదివే చాలెంజ్ అంటే ఏమిటో ఇప్పుడు చాలామందికి తెలుసు, కాబట్టి ఆ వివరాలు వదిలేస్తున్నాను. మా దాంట్లో నాకు నచ్చింది ఒకటే, నెలనెలా ఇచ్చే అంశం. అది ‘చారిత్రక నవల’, ‘ప్రబంధం’ లాంటి పెద్ద పేరు కాదు. వాన, ఉత్తరం, అప్పు, ప్రయాణం. ఇలా రోజూ మన నోట్లో నలిగే ఒక్క మాట. ఒకటో తారీఖున ఈ చాలెంజ్ నడిపే మాస్టారు చీటీ తీసి ఆ మాట చెబుతారు. దానితో గట్టిగా ముడిపడిన పాత పుస్తకం, కనీసం యాభై ఏళ్ల కిందటిది, ఎవరికి వారు వెతుక్కోవాలి. నెలాఖరు ఆదివారం అందరం ఫోన్‌లో కలిసినప్పుడు పావుగంట దాని గురించి చెప్పాలి. రెండేళ్లు పూర్తయి మూడో ఏడు నడుస్తోంది.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. నేను ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనే ఉన్న పర్లాకిమిడిలో జాకెట్లు కుడతాను. ఇంట్లో తెలుగు, వీధిలో రెండూ, బడిలో పదో తరగతి దాకా ఒడియా. తెలుగు అక్షరాలు మా అమ్మ పెద్దబాలశిక్ష ముందు పెట్టుకుని నేర్పింది. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. అయినా తెలుగు నవల కావాలంటే నేను మహేంద్రతనయ నది దాటి, పాతపట్నం మీదుగా శ్రీకాకుళం వెళ్లాలి. లేదా అటు వెళ్లేవాళ్లకి చీటీ రాసిచ్చి తెప్పించుకోవాలి. చేరినప్పుడు నా వేగం రాత్రికి మూడు పేజీలు. నాకు చదవడం అంత బాగా రాదని, బుర్ర నెమ్మదని అనుకునేదాన్ని.

‘మంచి పుస్తకం ఒకటి చదువు’ అంటే నేను ఎక్కడా మొదలుపెట్టలేను. ‘ప్రయాణం’ అంటే మాత్రం వెంటనే అడగడం మొదలుపెడతాను. పాతకాలంలో ఎవరు ఎక్కడికి వెళ్లారు, ఎలా వెళ్లారు అని. అలా అడిగితేనే ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర చేతికొచ్చింది. 1830 మే నెలలో మద్రాసులో బయల్దేరి 1831 సెప్టెంబరుకి తిరిగి చేరారాయన. తిరుగుప్రయాణంలో జగన్నాథం, అంటే పూరీ నుంచి గంజాం సీమ మీదుగా మా వైపు దారి పడతారు. ఆ పేజీలు వచ్చేసరికి మిషను తొక్కుతున్న కాలు ఆగిపోయింది. మా బరంపురం బస్సు వెళ్లే వైపే ఆయన పల్లకీ మోసే బోయీలను వెంటబెట్టుకుని వెళ్లారు. అంశం ఒక్క మాటగా ఉండబట్టే ఆ పుస్తకం నా దగ్గరికి వచ్చింది, లేకపోతే ఈ జన్మలో దాని పేరు వినేదాన్ని కాదు.

కానీ నేను నిజంగా చెప్పాలనుకున్నది ‘అప్పు’ నెల గురించి.

మొదటి ఏడాది ఆషాఢం అది. పెళ్లిళ్లు లేవు, మిషను సగం రోజు ఖాళీ. అప్పు అనగానే నాకు తెలుగు పుస్తకం ఒక్కటీ తట్టలేదు. తట్టింది మంగరాజ్. బడిలో ఒడియా రచయిత ఫకీర్ మోహన్ సేనాపతి నవల ‘ఛ మాణ ఆఠ గుంఠ’లో ఒక ముక్క పాఠంగా చదివాం. పరీక్ష రాసి మర్చిపోయాను. ఇప్పుడు ఆ వడ్డీల మంగరాజ్ తిన్నగా వచ్చి కళ్ల ముందు నిలబడ్డాడు. మాస్టారికి ఫోన్ చేశాను.

“మాస్టారూ, ఒడియాలో చదివి తెలుగులో చెబితే ఒప్పుకుంటారా?”

కాసేపు ఆలోచించారు. “చెప్పడం మాత్రం పూర్తిగా తెలుగులోనే ఉండాలమ్మా. మధ్యమధ్య ఒడియా వాక్యాలు చదివేసి, అర్థమైపోయింది కదా అంటే కుదరదు.”

పక్కింటి మావుసీ కొడుకు కాలేజీలో చదివిన ప్రతి దొరికింది, నిండా పెన్సిల్ గీతలు. తొమ్మిది రాత్రుల్లో అయిపోయింది. తొమ్మిదే! లెక్క మళ్లీ చూసుకున్నాను. తెలుగులో అదే మందం పుస్తకం నాకు రెండు నెలలు. అంటే నాకు చదవడం రాకపోవడం కాదు, ఒక లిపిలో నా కళ్లు ఇంకా తడబడుతున్నాయి, అంతే. ముప్పై తొమ్మిదేళ్ల వయసులో నా గురించి నాకు తెలిసిన విషయం ఇది. ఆ రాత్రి లైటు తీసేశాక కూడా చాలాసేపు నిద్ర పట్టలేదు.

కథ తెలియనివాళ్లకి రెండు ముక్కలు. గోవిందపూర్ అనే ఊళ్లో భగియా, సారియా అనే నేతపని దంపతులుంటారు. వాళ్లకి పిల్లలు లేరు. ఉన్నదల్లా 6 మాణాల 8 గుంటల మంచి భూమి, ‘నేత’ అని పేరున్న ఆవు. రామచంద్ర మంగరాజ్ కన్ను ఆ భూమి మీద పడుతుంది. అతని ఇంట్లో మనిషి చంపా వచ్చి సారియాకి ఆశ పెడుతుంది, అమ్మవారికి గుడి కట్టిస్తే కడుపు పండుతుందని. గుడికి డబ్బు కావాలి, డబ్బుకి భూమి తాకట్టు పెట్టాలి. భూమి పోతుంది, ఆవు పోతుంది, ఆ తర్వాత సారియానే పోతుంది.

ఆదివారం వచ్చింది. నా ముందు మాట్లాడిన టీచరు గారు కన్యాశుల్కం తీసుకున్నారు. పూటకూళ్లమ్మ డబ్బు వాడేసుకుని గిరీశం తప్పించుకు తిరగడం దగ్గర మొదలుపెట్టి బాగా చెప్పారు. కన్యాశుల్కం మొదట అచ్చయింది 1897లో అన్నారు. నా చేతిలో పుస్తకం చూసుకున్నాను. ఫకీర్ మోహన్ నవల పత్రికలో రావడం మొదలైంది కూడా 1897లోనే. విజయనగరంలో ఒకరు, ఒడియా నేల మీద ఒకరు, ఒకే ఏడాది, ఇద్దరూ జనం మాట్లాడుకునే మాటలు పట్టుకునే రాశారు. ఈ రెండు పుస్తకాలూ ఒక ఫోన్ కాల్‌లో పక్కపక్కన కూర్చోవడం మా ఊరిలాంటి ఊరివాళ్లకి ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

నా వంతు వచ్చింది. పేరు దగ్గరే ఆగిపోయాను. ‘ఆరు మాణాల ఎనిమిది గుంటలు’ అన్నాను.

కరీంనగర్ వైపు నుంచి చేరిన ఒకాయన వెంటనే అన్నారు, “అక్కా, నలభై గుంటలకు ఎకరం. ఎనిమిది గుంటలంటే ఇరవై సెంట్లే కద!”

నా దగ్గర కటింగ్ బల్ల, చాక్ ముక్క ఉన్నాయి. బల్ల మీదే వేశాను. మా వైపు మాణానికి 25 గుంటలు. మాణమంటే ఎకరమే. అంటే గుంటకి 4 సెంట్లు, ఎనిమిది గుంటలకి 32. ఆయన లెక్కకీ నా లెక్కకీ 12 సెంట్ల తేడా. పన్నెండు సెంట్లంటే ఒక ఇల్లు, వెనక పెరడు, ఆవుని కట్టేసుకునే చోటు. అది చెప్పేసరికి ఆయన “అయితే పెద్దదే పోయింది అక్కా ఆమెది” అన్నారు. అప్పటిదాకా అది నవల పేరు. ఆ క్షణం నుంచి అందరికీ అది భూమి అయింది.

ఇంతలో టెక్కలి నుంచి ఒక పెద్దావిడ నవ్వుతూ అందుకున్నారు. “మా వైపు గుంటలంటే పిల్లలే గదమ్మా! ఎనిమిది మంది గుంటలేమో అనుకున్నాను.” అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, మా ఇంట్లోనూ అదే మాట. నవ్వు ఆగకుండానే తర్వాతి వాక్యం చెప్పాను. “ఒక్క గుంట కోసమే పిన్నీ, ఆవిడ ఈ గుంటలన్నీ తాకట్టు పెట్టింది.”

ఫోన్‌లో చప్పుడు లేదు. లైను పోయిందేమోనని “వినిపిస్తోందా?” అని అడిగాను. “చెప్పమ్మా” అన్నారు టెక్కలి పిన్ని. ఆ గొంతు మారిపోయింది.

ఆ వాక్యం నేను ముందుగా అనుకున్నది కాదు. ఒడియాలో చదివినప్పుడు నాకు తట్టనేలేదు. ఒడియాలో గుంఠ అంటే భూమి కొలత ఒక్కటే, పిల్లలనే అర్థం లేదు. హైదరాబాద్ తెలుగులోనూ ఆ రెండూ కలవవు. ఆ కొలత, మా ఉత్తరాంధ్ర మాట ఒకచోట కలిసే మాలాంటి ఊళ్లలోనే ఆ వాక్యం పుడుతుంది. ఫకీర్ మోహన్‌కి అది తెలిసే అవకాశం లేదు. అయినా సారియా కథ నాకు పూర్తిగా తెలిసింది అక్కడే.

పావుగంట అన్నది నలభై నిమిషాలైంది. ఎవరూ ఆపలేదు. చాలా మాటలకి తెలుగు వెతుక్కున్నాను. ‘మహాజన’కి షావుకారు వెంటనే దొరికింది. ఊరి చెరువు దగ్గర ఆడవాళ్ల మాటలు చెప్పేటప్పుడు మాత్రం పుస్తకం మూసేసి, మా రేవులో నేను విన్నట్టే చెప్పుకుపోయాను. మా అత్త పక్కన కూర్చుని హుక్కులు కుడుతోంది. ఆమెకి ఏ లిపీ రాదు. ఫోన్ పెట్టేశాక సూది పక్కన పెట్టి అడిగింది, “ఆ ఆవుని ఇంతకీ తిరిగి ఇచ్చారా?” ఇవ్వలేదని చెప్పాను. “పాపిష్టోడు” అని మళ్లీ హుక్కు అందుకుంది. ఆ తర్వాత ప్రతి నెలా ఒకటో తారీఖున “ఈసారి ఏం మాట?” అని మొదట అడిగేది మా అత్తే.

ఆ ఏడాది చివర నేను కనిపించినవాళ్లందరికీ చెప్పాను, అంశమంటే ఇలాగే ఉండాలి, ఒక్క మాటే ఉండాలని. రెండో ఏడు గడిచాక ఆ పొగడ్తని కొంచెం సవరించాలి.

ఒకటి, మాట దారి చూపిస్తుంది నిజమే, కానీ ఆ దారి పక్కన ఏముందో చూడనివ్వదు. అప్పు నెలలో కన్యాశుల్కం తీసుకున్నవాళ్లు బాకీలన్నీ చక్కగా ఏరారు. అందులోని చిన్నవయసు వితంతువు బుచ్చమ్మ గురించి ఒక్క మాటా రాలేదు. ‘జైలు’ నెలలో నేను మాలపల్లి పట్టుకున్నాను. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు దాన్ని రాయవేలూరు జైల్లో రాశారని తెలిసి మరీ తీసుకున్నాను. ఆ నెలంతా జైలు ఎప్పుడొస్తుందా అని పేజీలు తిప్పాను. ఆ కుటుంబాన్ని, ఆ పల్లెని సరిగా చూడలేదు. ఆ పుస్తకం నాకింకా బాకీగానే ఉంది.

రెండోది, నెల గడువు. ‘వాన’కి తిక్కన విరాటపర్వం తీసుకున్నాను. వాన కోసం విరాటపర్వం చదివించే అలవాటు మా తాతల నాటి నుంచీ ఉంది కదా అని. అయిదు ఆశ్వాసాలు. శ్రావణం జాకెట్లు గుట్టగా పడి ఉన్నాయి. ఒక్కో పద్యానికి టీకా చూసుకుంటూ రెండో ఆశ్వాసం మధ్యలో ఆగిపోయాను. లైనింగ్ గుడ్డ ముక్క ఇంకా ఆ పేజీలోనే ఉంది. నెల మారగానే మాట మారిపోతుంది, అందరూ వేరే పుస్తకం గురించి మాట్లాడుకుంటారు, ఆగిపోయినవాళ్లు అక్కడే ఉండిపోతారు. దీనివల్ల జనం సన్నటి పుస్తకాలే వెతకడం మొదలుపెట్టారు. కొన్నాళ్లు నేనూ అదే చేశాను. పెద్ద పుస్తకానికి ఒకే మాటని రెండు నెలలు సాగనిస్తే బాగుంటుందని అడిగాను. ఇంకా ఆలోచిస్తున్నారు.

మూడోది నాకు నిజంగా కష్టం కలిగించింది. అప్పు నెల చూశాక బరంపురం నుంచి ఇంకో ఇద్దరు ఒడియా పుస్తకాలు తెచ్చారు. అలా అయితే తెలుగు చదవడమే తగ్గిపోతుందని, పొరుగు భాష ఏడాదికి రెండుసార్లకి మించకూడదని నియమం పెట్టారు. విన్న రోజు చాలా బాధపడ్డాను. తొమ్మిది రాత్రుల సంతోషం ఏడాదికి రెండేసార్లు అంటే మరి. ఇప్పుడు అంత కోపం లేదు. మిగిలిన పది నెలలు తెలుగే పట్టుకోబట్టి నా మూడు పేజీలు పదికి వచ్చాయి. అయినా మూడుసార్లు చేసి ఉంటే ఏం పోయేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

కాబట్టి చేరమంటారా అని అడిగితే, నా పరిస్థితి చూసి చెప్పగలను. నాకు ఇంట్లో చిన్నపిల్లలు లేరు, పని బల్ల దగ్గరే పుస్తకం పెట్టుకోవచ్చు, కరెంటు పోయినప్పుడు మోటారు మిషను ఆగితే ఆ సమయం చదువుకే. వినడానికి అత్త ఉంది. డ్యూటీకి వెళ్లి వచ్చేవాళ్లకి నెలకొకటి కష్టం, రెండు నెలలకొకటి అనుకుని చేరండి. పుస్తకాలన్నీ ముందే చదివేసి ఉన్న పండితులకి ఈ ఒక్క మాట పద్ధతి చిన్నపిల్లల ఆటలా అనిపించవచ్చు. నాలా రెండు లిపుల మధ్య పెరిగినవాళ్లయితే, మొదటి ఏడాది ఆ రెండు అవకాశాలూ వాడుకోండి, ఒకటి ఆషాఢానికి దాచుకోండి.

ఈ నెల మాట ‘తలుపు’. మా అత్త అప్పుడే నాలుగు కథలు చెప్పింది, ఒక్కటీ అచ్చయినది కాదు.