హువెక్ కణాలు మంచివే, కానీ ప్రతి ప్రశ్నకీ కాదు

రక్తనాళాల లోపలి పొర మీద పనిచేసే చాలా ల్యాబ్‌లు మొదట కొనేది హువెక్ అనే ఈ బొడ్డుతాడు సిర కణాలనే, 1973 నుంచీ వీటిని పెంచుతున్నారు కాబట్టి పద్ధతులు బాగా కుదిరిపోయాయి. మేము తెప్పించిన వయల్ కూడా చక్కగా బతికింది, ఫ్లాస్క్ త్వరగానే నిండింది. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్‌కి స్టెయిన్ (రంగు) వేస్తే, దాన్ని దాచుకునే వైబెల్-పలేడ్ రేణువులు సన్నని పుల్లల్లా స్పష్టంగా కనిపించాయి, ఆ ప్రొటీన్ నిల్వ, విడుదల చూడాలంటే ఇంతకన్నా మంచి సరుకు దొరకడం కష్టం.

నా అభ్యంతరమంతా అమ్మేవాళ్ల బ్రోచర్ మీద. రక్తం గడ్డకట్టడానికి ఇదే సరైన మోడల్ అని రాసేస్తారు, ఏ నాళంలో అన్నది మాత్రం చెప్పరు! శరీరంలో గడ్డకట్టడానికి సంబంధించిన జన్యువులు ఒక్కో చోట ఒక్కోలా పనిచేస్తాయి. వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్ ధమనుల్లో కన్నా సిరల్లో ఎక్కువ, కొన్ని కేశనాళికల్లోనైతే ఒక కణంలో ఉండి దాని పక్క కణంలో ఉండదు. గడ్డకట్టడానికి కావలసిన మరో ప్రొటీన్ ఫ్యాక్టర్ ఎనిమిది ఎక్కువగా తయారయ్యేది కాలేయంలోని సైనుసాయిడ్ (సన్నని రక్తనాళాల) కణాల్లో, కాబట్టి దాని సహజ తయారీని చూడటానికి హువెక్ కొంటే డబ్బు దండగే. గడ్డకట్టడాన్ని అదుపు చేసే థ్రాంబోమాడ్యులిన్ అనే ప్రొటీన్ మెదడు నాళాల్లో బాగా తక్కువ.

ఇంకోటి, పాసేజ్‌లు (కణాలను కొత్త ఫ్లాస్క్‌లోకి మార్చి పెంచే విడతలు) పెరిగేకొద్దీ కణాల తీరు మారిపోతుంది, తొలి పాసేజ్‌ల్లోనే ప్రయోగం ముగించండి. పోలిక కావాలంటే ధమని కణాలు, ఊపిరితిత్తుల సూక్ష్మనాళ కణాలు కూడా తెప్పించి, అన్నింటినీ ఒకే మీడియంలో (పోషక ద్రవంలో) పెంచి చూడండి.