రోడ్డు మీది మంచు: ఉప్పు చల్లడం మేలా, లారీలకెత్తి తీసుకుపోవడం మేలా?

1888 మార్చిలో న్యూయార్క్‌ను ముంచెత్తిన మంచు తుపానులో 21 అంగుళాల మంచు పడింది. గాలికి అది గుమ్మాల ముందు మనిషి ఎత్తును మించి పేరుకుంది. ఎత్తుగా కట్టిన పట్టాల మీద రైళ్లు నడిమధ్యలో ఆగిపోయి, జనం వాటిలోనే చిక్కుకుపోయారు. నగరంలో దాదాపు 200 మంది ప్రాణాలు పోయాయి. అప్పటికి తెలిసిన మార్గం ఒక్కటే: పారలతో తవ్వడం, గుర్రపు బళ్లకెత్తడం, తీసుకెళ్లి ఈస్ట్ నదిలో పారబోయడం.

ఉప్పు తర్వాత వచ్చింది. అమెరికాలో 1938లో న్యూ హాంప్‌షైర్ రోడ్ల మీద దాన్ని ప్రయోగంగా వాడి చూశారు. కార్లు పెరిగేకొద్దీ అది నగరాలన్నిటికీ పాకింది. ఉప్పు కలిసిన నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టదు. కాబట్టి రోడ్డుకి మంచు గట్టిగా అతుక్కోదు, ప్లౌ (బండి ముందు బిగించి మంచును తోసే పెద్ద పలక) దాన్ని తేలిగ్గా గీకేస్తుంది. కొన్ని గంటల్లో రోడ్డు నల్లగా బయటపడుతుంది. వేగంలో దీనికి పోటీ లేదు, ఒప్పుకోవాల్సిందే. అంబులెన్స్ కదలాలంటే ఆ కొన్ని గంటలే ముఖ్యం.

న్యూయార్క్ ఈ దారినే పట్టుకుంది. అక్కడ చెత్త లారీల ముందు భాగానికే ప్లౌ బిగించి రోడ్ల మీదికి పంపుతారు. చెత్తను తీసుకెళ్లే శానిటేషన్ విభాగమే మంచునీ చూసుకుంటుంది. అందుకే పెద్ద తుపాను వస్తే చెత్త సంచులు కొన్నాళ్లు కదలవు.

కెనడాలోని మాంట్రియల్ మాత్రం మంచును ఎత్తుకుపోయే నగరం. ఏటా సుమారు రెండు మీటర్ల మంచు పడుతుంది. చలి వదలదు కాబట్టి నిన్నటిది కరగకముందే ఇవాళ్టిది దాని మీద కూర్చుంటుంది. పైగా సున్నాకు తొమ్మిది, పది డిగ్రీలు కిందికి దిగితే మామూలు ఉప్పు మందగిస్తుంది. అక్కడి పని చూడముచ్చటగా ఉంటుంది. ముందు పార్కింగ్ నిషేధం బోర్డులు పెడతారు, సైరన్ మోగిస్తారు. అయినా ఉండిపోయిన కార్లను పక్క వీధికి లాగేస్తారు. చిన్న ట్రాక్టర్లు ఫుట్‌పాత్ మీది మంచును రోడ్డు మీదికి నెడతాయి. వెనకే స్నో బ్లోయర్ ఆ కుప్పను మింగి, పక్కనే నడిచే లారీలోకి ధారగా చిమ్ముతుంది. ఆర్థర్ సికార్డ్ అనే క్యూబెక్ (మాంట్రియల్ ఉన్న రాష్ట్రం) వాసి 1925లో తయారుచేసిన యంత్రం వారసత్వమిది. లారీలు వెళ్లేది పాత క్వారీలాంటి చోట్లకి. ఫ్రాంకన్ క్వారీలో పోసిన మంచు వేసవి దాకా గుట్టగా నిలుస్తుంది.

ఖర్చులో, శబ్దంలో, డీజిల్‌లో ఇది చాలా భారం. నదిలో పోయడం చవకే గానీ, వీధి చెత్త, నూనె, ఉప్పు అన్నీ దానితో పాటే నీళ్లలో కలుస్తాయి. న్యూయార్క్ వాడే మెల్టర్లు మధ్యేమార్గం: గంటకు 60 టన్నుల మంచును కరిగించి మురుగు కాలువలోకి వదులుతాయి. ఇంధనం మాత్రం బాగా తాగుతాయి.

మరి ఉప్పు చవకేనా? కొన్నప్పుడు చవకే. కరిగాక అది ఎక్కడికీ పోదు. కాంక్రీటులోని ఇనుమును తింటుంది, కార్ల అడుగును తుప్పు పట్టిస్తుంది, చెట్ల వేళ్లను దెబ్బతీస్తుంది, చివరికి చెరువుల్లో చేరుతుంది. ఆ బిల్లు వేరేవాళ్లు కడతారు.

నన్ను ఎక్కువగా కలచివేసేది ఇంకొకటి. ప్లౌ మంచును తీసేయదు, పక్కకు తోస్తుంది. కారుకు దారి దొరుకుతుంది. రోడ్డు దాటే మూలలో మోకాలెత్తు గట్టు లేస్తుంది. పగలు కాస్త కరిగి, రాత్రి రాయిలా గడ్డకడుతుంది. పిల్లల బండి తోసుకొచ్చే తల్లి అక్కడ బండిని ఎత్తి దాటించాలి. చక్రాల కుర్చీలో ఉన్న మనిషి వెనుదిరగాల్సిందే.

అందుకే నా ఓటు ఎత్తుకుపోవడానికే. అయితే న్యూయార్క్ లాంటి చోట, నాలుగు రోజుల్లో చలి తగ్గి మంచు దానంతటదే కరుగుతుంది కాబట్టి, ఊరంతా తరలించనక్కర్లేదు. వాహనాల రోడ్లకు ఉప్పూ ప్లౌ సరిపోతాయి. లారీలూ మెల్టర్లూ ముందుగా వెళ్లాల్సింది రోడ్డు దాటే మూలలకి, బస్ స్టాప్‌లకి, ఆస్పత్రి గేట్లకి. మాంట్రియల్‌లో ఆ చిన్న ట్రాక్టర్లు ఫుట్‌పాత్‌కు ఇచ్చే విలువ న్యూయార్క్‌లో కూడా ఇవ్వాలి.